కుండ పగిలింది, రోలు మంచం కిందికి చేరింది... ఇక కుక్కరే గతా?

రాత్రిషిఫ్ట్
మొన్న ఆదివారం కుండలో గోంగూర పప్పు పెట్టాను. కందిపప్పు, గోంగూర, పచ్చిమిరపకాయలు, ఉల్లిపాయ అన్నీ ఒకేసారి, కుక్కర్‌లో ఎలా వేస్తామో అలాగే. గంట దాటింది. పప్పు ఏ గింజకాగింజ అలాగే ఉంది. విసుగొచ్చి మంట పెంచాను. ఐదు నిమిషాలకి టక్‌మని శబ్దం. అడుగు నుంచి పైకి వెంట్రుకంత గీత. చూస్తుండగానే ఆ గీత చెమ్మగిల్లింది, చుక్కలు కట్టింది, కారింది, బర్నర్ ఆరిపోయింది. ఆ స్టవ్ కడిగిన టైమ్‌లో రెండు పూటలు వండుకోవచ్చు.

మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. పదకొండేళ్ళుగా బెంగళూరులో, మారతహళ్ళి వైపు ఉంటున్నాం. మా అవ్వ నిరుడు పోయింది. ఆమె కుండలో ఎనిపి పెట్టే పుల్లగూర ఇక ఎక్కడా దొరకదని అప్పుడు తట్టింది. నాలుగు నెలల్లో మూడు కొన్నాను. ఒకటి ఈ కుండ, ఆన్‌లైన్‌లో. రెండోది 11 కిలోల చిన్న రోలు. మూడోది ఇనప మూకుడు. మూకుడు తోమి బోర్లించిన రాత్రే తుప్పు పట్టింది. రోట్లో పచ్చడి నూరితే ఇసుక తగిలింది, పైగా కింది ఫ్లాట్ వాళ్ళు సెక్యూరిటీని పంపారు. అది ఇప్పుడు మంచం కింద ఉంది. అమ్మని కొలతలు అడిగితే "కంటికి తెలుస్తుంది లేరా, గుప్పెడు వేసుకో" అంటుంది.

రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో, గ్యాస్ మీద, వీటిలో నిజంగా ఏవి కుదురుతాయి? చేస్తున్నవాళ్ళే చెప్పండి. యూట్యూబ్ లింకులు వద్దు, అన్నీ చూసేశాను.

ఉప్పులేనిపప్పు
మీ స్టవ్‌కి నైవేద్యం అందింది, ఇక చల్లగా చూస్తుంది. సరేగానీ కుండని నానబెట్టారా?

రాత్రిషిఫ్ట్
కడిగాను. నానబెట్టాలా?

ఉప్పులేనిపప్పు
అయిపోయింది. కోలారు అక్కని పిలవండి ఎవరైనా.

కోలారు_కోడలు
వచ్చాను. కడిగి పొయ్యి మీద పెడితే పగలక ఏం చేస్తుంది బాబూ.

కొత్త కుండని ఒక పగలు, ఒక రాత్రి నీళ్ళలో పూర్తిగా మునిగేట్టు ఉంచాలి. మొదట బుసబుసమని బుడగలొస్తాయి. మట్టిలో ఉన్న సందుల్లోకి నీళ్ళు పోతున్నాయన్నమాట. బుడగలు ఆగేదాకా నానాలి. తర్వాత నీడలో ఆరబెట్టు, ఎండలో కాదు. ఆరాక ముప్పావు వంతు గంజి పోసి అతి సన్నని మంట మీద పెట్టి, కాగాక కట్టేసి, అలాగే చల్లారనివ్వు. ఇలా మూడు రోజులు. గంజిలోని పిండి ఆ సందుల్ని పూడుస్తుంది. నాలుగో రోజు అన్నమో, పాలో కాచుకో. పులుపు వెంటనే పెట్టకు.

వాడేటప్పుడు మూడే జాగ్రత్తలు. ఖాళీ కుండ మంట మీద పెట్టకూడదు. వేడి కుండలో చన్నీళ్ళు పోయకూడదు, నీళ్ళు తక్కువైతే కాచిన నీళ్ళే పొయ్యి. దించాక గ్రానైట్ గట్టు మీద పెట్టకూడదు, గుడ్డ చుట్ట మీదో చెక్క మీదో పెట్టు. నువ్వు మంట పెంచావు చూడు, అక్కడే పోయింది. మట్టి నిదానంగా వేడెక్కుతుంది, నిదానంగా ఆరుతుంది. దాన్ని తొందర పెట్టినవాడికి అది అంతే చేస్తుంది.

ఇంకోటి, గిన్నెలు తోమే సబ్బు వద్దు. కుండ పీల్చుకుంటుంది, మర్నాడు పప్పులో నిమ్మకాయ వాసనొస్తుంది. కొబ్బరి పీచు, కాస్త శనగపిండి చాలు.

ఈసారి ఆన్‌లైన్ వద్దు. బెన్సన్ టౌన్ పక్కన పాటరీ టౌన్‌కి పో. వేలితో కొట్టి చూసి తెచ్చుకో. ఖంగుమనాలి. డబ్‌మంటే లోపల నెర్రె ఉన్నట్టే. రంగేసి నిగనిగలాడేవి వంటకి తేకు.

గోదారిగట్టు
మా వైపు గంజితో పాటు లోపల, బయట కొబ్బరినూనె కూడా రాస్తారండి. అయినా పప్పుకి కుండ ఎందుకండీ, రాతితో చెక్కిన రాచ్చిప్ప ఉండగా! మా నాయనమ్మ పప్పుపులుసు రాచ్చిప్పలోనే. దించి పక్కన పెట్టినా పావుగంట కుతకుతలాడుతూనే ఉండేది. పులుపుకి చెక్కుచెదరదు. ఒకసారి దానికి అలవాటు పడితే కుండ వంక చూడరు.

సీమబిడ్డ
రాచ్చిప్ప చెయ్యి జారి కింద పడితే?

గోదారిగట్టు
పడితే రెండు ముక్కలండి. మా ఇంట్లో మూడు తరాలు వాడారు, నా చేతుల్లో మూడు నెలలు. ఆ సంగతి అడక్కండి.

బ్యాచిలర్‌రూమ్
ఇండక్షన్ మీద కుండ పెట్టొచ్చా? మా పీజీలో గ్యాస్ లేదు.

మూడోక్రాస్
పెట్టొచ్చు, ఏమీ జరగదు. నిజంగానే ఏమీ జరగదు. ఇండక్షన్‌కి అయస్కాంతం అంటుకునే అడుగు ఉండాలి. వీటిలో మీ రూమ్‌లో పనికొచ్చేది ఇనప మూకుడు ఒక్కటే.

అసలు ప్రశ్నకి వస్తే, కుండ పగలడం వేరే కథ, పప్పు ఉడక్కపోవడం వేరే కథ. రెండోది ఎవరూ పట్టించుకోలేదు. రాత్రిషిఫ్ట్ గారూ, మీ అపార్ట్‌మెంట్‌లో కావేరి నీళ్ళా, బోరు నీళ్ళా?

రాత్రిషిఫ్ట్
బోరు. ఎండాకాలం ట్యాంకర్.

మూడోక్రాస్
దొరికింది. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. అవి పప్పు గింజ గోడల్లో ఉండే పెక్టిన్ అనే పదార్థాన్ని గట్టిపరుస్తాయి, దాంతో పప్పు మెత్తబడదు. కుక్కర్‌లో ఒత్తిడి వల్ల లోపల వేడి 120 డిగ్రీల దగ్గరికి పోతుంది కాబట్టి ఈ తేడా కనపడదు. కుండలో కనపడుతుంది. దానికి తోడు బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. ఇక్కడ నీళ్ళు 97 డిగ్రీలకే మరుగుతాయి. ఫిల్టర్ నీళ్ళు వాడండి, పప్పుని ముందు రెండు గంటలు నానబెట్టండి.

ఓరుగల్లు_పోరడు
మూడు డిగ్రీలకే ఇంత కథనా అన్నా? మరి మదనపల్లిల పప్పు ఉడుకుతలేదా? అది కూడ ఎత్తు మీదనే ఉన్నదిగా.

మూడోక్రాస్
ఉడకదని అనలేదు, ఎక్కువ టైమ్ పడుతుందన్నాను. అసలు దోషి నీళ్ళే. ఎత్తు దానికి తోడుదొంగ.

వంటింటిలెక్క
అందరూ తెగ మురిసిపోతున్నారు కాబట్టి ఒక చేదు మాట చెప్పి పోతాను.

1993లో మా ఇంటికి మిక్సీ వచ్చింది. మా అమ్మ దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, అగరొత్తి వెలిగించింది. నాకు తొమ్మిదేళ్ళు. మర్నాటి నుంచి రోలు పెరట్లోకి పోయింది, అందులో కుక్కకి నీళ్ళు పోసేది. ఆ రోటి దగ్గర ఆవిడ పదిహేనేళ్ళు కూర్చుంది. పొద్దున నాలుగున్నరకి ఇడ్లీ పప్పు రుబ్బేది. పొత్రం తిప్పే చెయ్యి నొప్పెడితే ఎడమ చెయ్యి మార్చేది. "పాత రుచి, పాత రుచి" అని ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. ఆ రుచి గురించి మాట్లాడేదంతా అరుగు మీద కూర్చుని తిన్నవాళ్ళే.

ఇవాళ భర్తగారికి సరదా పుడుతుంది, రోలు ఆర్డర్ పెడతారు. రెండు ఆదివారాలు నూరతారు, ఫోటోలు పెడతారు. మూడో ఆదివారం ఎవరు నూరాలి? తోమేదెవరు? ఆన్‌లైన్‌లో పాతరోజుల గురించి రాసే ప్రతివాడినీ నేనడిగేది ఇదే.

బ్యాచిలర్‌రూమ్
అమ్మో.

సీమబిడ్డ
అక్కా, కోపం న్యాయమే. కానీ రాత్రిషిఫ్ట్ అన్న తనే చేస్తున్నట్టున్నాడు కదా. స్టవ్ కడిగింది కూడా ఆయనే.

రాత్రిషిఫ్ట్
మా ఇంట్లో వంట నాదేనండి, పెళ్ళయినప్పటి నుంచీ. మా ఆవిడకి పొద్దున షిఫ్ట్. రోలు ఎత్తి మంచం కింద పెట్టింది మాత్రం ఆమే, కాలి బొటనవేలికి రెండుసార్లు తగిలాక.

వంటింటిలెక్క
అయితే మిమ్మల్ని వదిలేస్తున్నాను. మిగతావాళ్ళని వదల్లేదు.

కోలారు_కోడలు
నేనొక మాట. నేను ఇరవై ఆరేళ్ళుగా వండుతున్నాను, మిక్సీ లేకుండా ఒక్కరోజు గడవదు. కానీ నెలకోసారి రోట్లో నూరతాను, అది నా ఇష్టం. తప్పనిసరిగా చేయడం వేరు, మనసై చేయడం వేరు. మీ అమ్మగారికి ఆ రెండోది దొరకలేదు, నాకు దొరికింది. ఇందులో కొట్లాట దేనికి?

వంటింటిలెక్క
ఇరవై ఆరేళ్ళు వండాక కూడా ఇష్టం మిగిలిందంటే మీకు దండం. నాకు మాగీ చేయడానికి కూడా మిగలట్లేదు.

ఓరుగల్లు_పోరడు
రోలు ముచ్చట ఎటో పోయింది. ఇసుక తగిలిందన్నడు కదా, కక్కు కొట్టించినవా అన్నా?

రాత్రిషిఫ్ట్
కక్కు అంటే?

ఓరుగల్లు_పోరడు
రోలుకైనా తిరగలికైనా లోపల ఉలితోని సన్నగ గాట్లు పెడ్తరు. ఆ గరుకునే కక్కు అంటరు. అది లేకపోతే పొత్రం జారుతది, పచ్చడి నలగది. వాడంగ వాడంగ నున్నగైతే మళ్ళ కొట్టించాలె. మా ఊరికి ఏడాదికి ఒకసారి ఉలి, సుత్తె పట్టుకొని వచ్చేటోళ్ళు. కొత్తగ కొట్టిన రోలుల రాతిపొడి ఉంటది. మొదటి నాలుగైదు సార్లు నానబెట్టిన బియ్యం రుబ్బి పారేయాలె. రుబ్బిన పిండి తెల్లగ వచ్చేదాంక. బూడిద రంగు వస్తుందంటే ఇంకా రాయి రాలుతున్నట్టే.

సీమబిడ్డ
శబ్దానికి నా చిట్కా: రోలు కింద గోనెసంచి నాలుగు మడతలు, దాని కింద పాత యోగా మ్యాట్. దంచడం మానేసి రుబ్బడం నేర్చుకో. రోకలితో ఎత్తి కొడితేనే కింది వాళ్ళకి పిడుగులు. పొత్రాన్ని రోటి గోడకి ఆనించి తిప్పితే చప్పుడే ఉండదు. ఎండుమిరపకాయలు, ఉప్పు ముందు. అవి నలిగాకే వేయించిన పప్పు. టమాటా, వంకాయ లాంటి మెత్తటివి చివర్లో. అన్నీ ఒకేసారి వేస్తే రసం చిమ్మి కంట్లో పడుతుంది, అనుభవం.

రుచి తేడా ఎందుకంటే, మిక్సీ కోస్తుంది, రాయి చిదుముతుంది. ఊరిమిండి, అదే మన రోటిపచ్చడి, ఒకసారి రెండింట్లోనూ చేసి పక్కపక్కన పెట్టుకుని తిను. మా పిల్లోడు ఆరేళ్ళవాడు, వాడికీ తెలిసిపోయింది.

ఉప్పులేనిపప్పు
అన్నా, అవతల యోగా మ్యాట్ కొన్న మీ ఆవిడ సంగతేంటి?

సీమబిడ్డ
ఆమె యోగా మానేసిన మూడో రోజే తీసుకున్నా.

మేడమీదవడియం
మీరంతా రోళ్ళు, కుండలు అంటున్నారు. నాకు అసలు కష్టం ఎండతో. మా అసోసియేషన్ వాళ్ళు మేడకి తాళం వేశారు, "ఆరబెట్టరాదు" అని బోర్డు కూడా. బూడిదగుమ్మడి వడియాలు ఎక్కడ పెట్టను?

చివరికి తూర్పు బాల్కనీలో పెట్టాను. అక్కడికి ఎండ వచ్చేది మూడు గంటలే. మా ఊళ్ళో రెండు రోజుల్లో గలగలలాడేవి ఇక్కడ ఆరు రోజులు పట్టాయి. మూడో రోజు వాసన మారుతుందేమోనని భయమేసి రాత్రిళ్ళు ఫ్యాన్ కింద పెట్టాను. పావురాల కోసం పాత దోమతెర కప్పాను. ముక్కల్ని ఉప్పు, పసుపు వేసి రాత్రంతా గుడ్డలో మూటకట్టి, పైన బరువు పెట్టి నీరు పిండేయాలి. ఆ బరువుకి నేను వాడింది మా అబ్బాయి డంబెల్. ఇంట్లో అది ఒక్కసారైనా పనికొచ్చింది.

బెంగళూరులో వడియాలకి శివరాత్రి దాటాక ఉగాది లోపే అదను. ఏప్రిల్‌లో మామిడి వానలు మొదలవుతాయి. పొద్దున ఎండ చూసి పెడితే సాయంత్రం నాలుగింటికి కుండపోత.

గోదారిగట్టు
మామిడి అంటే గుర్తొచ్చింది. ఆవకాయకి ఇక్కడ కాయ దొరక్క నేను పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావండి. మార్కెట్‌లో ఎటు చూసినా తోతాపురి. మన దగ్గర దాన్ని బెంగళూరు మామిడి అంటాం కదా, అదే బెంగళూరుకొచ్చి ఆవకాయకి వాడదామంటే పులుపు చాలదు. మొదటేడు దానితోనే పెట్టాను, నెలకే ముక్క మెత్తబడింది. కొత్తపల్లి కొబ్బరో, జలాలో, ఆ రకం మామిడి కావాలి. పీచు ఉండాలి, టెంక గట్టిపడి ఉండాలి, ప్రతి ముక్కకీ టెంక అంటుకుని ఉండాలి. రెండో ఏడు నుంచి మా తమ్ముడు బస్సులో వేస్తున్నాడు.

నాలుగు గిన్నెల ముక్కలకి గిన్నె కారం, గిన్నె ఆవపిండి, ముప్పావు గిన్నె ఉప్పు. మునిగేటట్టు నువ్వులనూనె. జాడీ మూతికి గుడ్డతో వాసెన కట్టి మూడో రోజు తిరగ కలపాలి. ఆవాలు మిక్సీలో ఆగకుండా తిప్పితే వేడికి చేదెక్కుతుంది, ఆపి ఆపి తిప్పండి.

మూడోక్రాస్
కారం ఏది? ఇక్కడ బ్యాడగి తెచ్చి వేస్తే రంగు అదిరిపోతుంది, ఘాటు ఉండదు.

గోదారిగట్టు
గుంటూరు రెండొంతులు, బ్యాడగి ఒక వంతు. ఈ మాట ఊళ్ళో ఎవరికీ చెప్పకండి.

బ్యాచిలర్‌రూమ్
నాలాంటివాడు మొదలుపెట్టగలిగేది ఒక్కటి చెప్పండి. ఇండక్షన్, ఒక గిన్నె, ఒక మూకుడు. అంతే ఆస్తి.

సీమబిడ్డ
సంగటి. సామాను అక్కర్లేదు, బలం కావాలి.

గ్లాసు నూక బియ్యం అరగంట నానబెట్టి ఐదు గ్లాసుల నీళ్ళతో మెత్తగా ఉడికించు. నీళ్ళు ఇంకా తేలుతూ ఉండగానే ఉప్పు వేసి, గ్లాసున్నర రాగిపిండి పైన కుప్పగా పోయి. కలపొద్దు! అందరూ ఇక్కడే చెడగొడతారు. కట్టెతో కుప్ప మధ్యలో ఒక గుంట చెయ్యి, గంజి అందులోంచి బుడగలేస్తూ పైకి వస్తుంది. మూతపెట్టి సన్న మంట మీద ఆరేడు నిమిషాలు. పిండి ఆవిరికి ఉడకాలి. అప్పుడు దించి, నేల మీద తడిగుడ్డ పరిచి గిన్నె దాని మీద పెట్టి, రెండు పాదాలకి గుడ్డ చుట్టుకుని గిన్నెని అదిమిపట్టి, కట్టెతో గోడకేసి కెలుకు. మా అవ్వలు అట్లే కూర్చునేవాళ్ళు. చేతులు నొప్పెట్టాక ఇంకో రెండు నిమిషాలు. తడివేలితో తాకితే అంటుకోకూడదు. అంటుకుంటే పచ్చి ఉంది, మళ్ళీ మూతపెట్టు.

ఇక్కడివాళ్ళ ముద్దలో బియ్యం ఉండదు, ఒట్టి పిండే. అదీ బాగుంటుంది గానీ మన సంగటి మెత్తదనం రాదు. నమలకుండా మింగాలంటారు, నేనైతే నములుతాను.

ఉప్పులేనిపప్పు
2023ని మిల్లెట్ల సంవత్సరం అన్నప్పటి నుంచి మా వీధి సూపర్ మార్కెట్‌లో రాగిపిండిని గాజు సీసాలో పెట్టి అమ్ముతున్నారు. మా తాత చూస్తే నవ్వి చచ్చేవాడు, చిన్నప్పుడు వరన్నం పండక్కే తినేవాడు.

కోలారు_కోడలు
పిండిమర దగ్గర రాగులు కొని ఆడించుకోండి, సగం ధర.

ఇది అవరేకాయి కాలం, అదే మన అనపకాయ, ఆ మాట ఎవరూ ఎత్తలేదేం? పితికిన పప్పుని ఇక్కడివాళ్ళు హితకిద బేళె అంటారు, మన చిత్తూరు, కోలారు వైపు పితికిపప్పు. అనపగింజలు రాత్రి నానబెట్టి, పొద్దున బొటనవేలు, చూపుడువేలి మధ్య పెట్టి పితికితే పప్పు ఎగిరి పడుతుంది, పొట్టు వేళ్ళ మధ్య మిగులుతుంది. కిలో పితకడానికి గంటన్నర. మా అత్తగారు టీవీ ముందు నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టి పందెం పెట్టేది. వీవీ పురం వైపు మేళా పెడతారు చూడండి, అక్కడ పితికినది కూడా దొరుకుతుంది. కొనే ముందు కాయ వాసన చూడాలి. సొగడు, అంటే ఆ కాయకుండే వాసన, ఉండాలి, చేతికి జిడ్డు అంటుకోవాలి.

వంటింటిలెక్క
పితికినదే దొరుకుతుందా? ఎక్కడ, కరెక్టుగా చెప్పండి.

సీమబిడ్డ
అక్కా!

వంటింటిలెక్క
తినడానికి వ్యతిరేకిని కాదు.

బ్యాచిలర్‌రూమ్
సంగటి చేశాను. ఉండలు కట్టింది, కట్టె లేక చపాతీ కర్ర వాడాను, అది మధ్యకి విరిగింది. తిన్నాం. రూమ్మేట్ ఒడిశావాడు, రెండోసారి అడిగాడు.

ఇంకో డౌటు, ఈ చలికి పెరుగు తోడుకోవట్లేదు. మట్టి చట్టిలో పోశాను, పొద్దునకి పాలే.

కోలారు_కోడలు
మట్టి చట్టి చల్లబరుస్తుంది నాయనా, డిసెంబర్‌లో దానిలో ఎందుకు? స్టీలు గిన్నెలో తోడుపెట్టి, తువ్వాలు చుట్టి బియ్యం డబ్బాలో దూర్చు. గట్టిగా తోడుకున్నాక కావాలంటే చట్టిలోకి మార్చుకో. మీగడ కావాలంటే హోమోజినైజ్డ్ అని రాసున్న ప్యాకెట్ కొనకు, దానిలో వెన్న శాతం ఎంతున్నా పైకి తేలదు.

గోదారిగట్టు
పిడకల దాలి మీద పాలకుండలో సాయంత్రందాకా కాగి ఎర్రబడిన పాలకి కట్టిన మీగడ తిన్నవాళ్ళు ఈ ప్యాకెట్ల గురించి మాట్లాడలేరండి. పిడకలు ఎక్కడ తెస్తాం లెండి.

ఉప్పులేనిపప్పు
పిడకలు కూడా ఆన్‌లైన్‌లో వస్తున్నాయి. డజను లెక్కన.

ఓరుగల్లు_పోరడు
ఇనప మూకుడు సంగతి మర్చిపోయిన్రు. తోమినంక తడి లేకుండ పొయ్యి మీద ఆరబెట్టి, వేడి మీదనే నూనె చుక్క గుడ్డతోని రుద్దాలె. అంతే. తుప్పు పట్టిందని పారేయకు, నిమ్మచెక్క, ఉప్పుతోని రుద్దితే పోతది. చింతపండు పులుసు మాత్రం దానిల పెట్టకు, నల్లగైతది.

రాత్రిషిఫ్ట్
మూడు వారాల తర్వాత వస్తున్నాను, మధ్యలో ఊరెళ్ళాను.

రోలు: ఐదుసార్లు బియ్యం రుబ్బాను, ఐదోసారి తెల్లగా వచ్చింది. గోనెసంచి పెట్టాను. కింది వాళ్ళ నుంచి ఫోన్ లేదు. నిన్న ఊరిమిండి గిన్నెలో వాళ్ళకే పట్టుకెళ్ళాను. వాళ్ళది హాసన్, ఇప్పుడు రెసిపీ అడుగుతున్నారు.

కొలతలు: ఇది చెప్పాలి. ఊళ్ళో అమ్మ పక్కన వంటింట్లో తూకం మిషన్ పెట్టుకుని కూర్చున్నాను. "పప్పు గుప్పెడు తియ్యమ్మా" అన్నాను. తీసింది, గిన్నెలో వేస్తే 62 గ్రాములు. మళ్ళీ తియ్యమన్నాను, 64. మళ్ళీ, 61. "ఏందిరా ఈ పరీక్ష" అని విసుక్కుంది. అదే నా గుప్పెడు తీస్తే 90. ఉప్పు చిటికెడులోనూ ఇంతే, నాది ఆమెదానికి దాదాపు రెట్టింపు. నాలుగు నెలలుగా నా కూరలు ఎందుకు కషాయంలా ఉన్నాయో అప్పుడు తెలిసింది. ఆమె చెప్పింది ఆమె చేతి లెక్క, నేను వేసింది నా చేత్తో.

కుండ: పాటరీ టౌన్‌కి వెళ్ళి ఖంగుమనేది తెచ్చాను. అక్క చెప్పినట్టే నానబెట్టి, మూడు రోజులు గంజి కాచాను. నిన్న ఫిల్టర్ నీళ్ళతో గోంగూర పప్పు పెట్టాను. రెండు గంటలు నానబెట్టిన పప్పే. కుండ పగల్లేదు. కానీ పప్పు మళ్ళీ ఉడకలేదు! గంటంబావు చూసి కుక్కర్‌లోకి మార్చాను. మూడోక్రాస్ గారూ, ఇప్పుడేమంటారు?

మూడోక్రాస్
పప్పు పాతదేమో? ఏళ్ళ తరబడి నిల్వ ఉంటే ఉడకదు. ఏ బస్తా?

రాత్రిషిఫ్ట్
పోయిన వారం ఊరి నుంచి తెచ్చిందే. అమ్మ అదే పప్పు కట్టెల పొయ్యి మీద వండింది, వెన్నలా ఉడికింది.

మూడోక్రాస్
అయితే ఎత్తు... జమ్మలమడుగుకీ బెంగళూరుకీ...

ఓరుగల్లు_పోరడు
వచ్చిండు మళ్ళ మూడు డిగ్రీలతోని.

వంటింటిలెక్క
ఈ థ్రెడ్ మొత్తం మా అమ్మకి చదివి వినిపించాను. "వీళ్ళకి వేరే పనేం లేదా" అంది. కాసేపాగి, "ఆ అబ్బాయి పప్పు ఉడక్కముందే గోంగూర వేశాడేమో అడుగు, పులుపు తగిలితే పప్పు బిగుసుకుంటుంది" అంది.

రాత్రిషిఫ్ట్
వేశాను. రెండుసార్లూ.